భీమవరంలో సర్వర్, నరసాపురంలో తెర: వీఎం నత్తనడక, సాయంత్రమైతే అక్షరాలు కూడా ఆలస్యం

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

అందరికీ నమస్కారం. మాది రొయ్యలు, చేపల మేత వ్యాపారం. భీమవరంలో గోదాము, నరసాపురంలో, పాలకొల్లులో బ్రాంచీలు. లెక్కలన్నీ గోదాములో ఉన్న ఒక్క సర్వర్ మీదే నడుస్తాయి. అందులో ప్రాక్స్‌మాక్స్ (ఒకే యంత్రంలో చాలా కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి మూడు విండోస్ 10 వీఎంలు, అంటే వర్చువల్ కంప్యూటర్లు, పెట్టించాం. ఒకటి లెక్కల డేటాకు, మిగతా రెండూ బ్రాంచీ గుమస్తాలకు చెరొకటి. వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చి, అంటే బ్రాంచీలోనే కూర్చుని ఆ వీఎం తెర చూస్తూ, పని చేసుకుంటారు.

యంత్రం నాలుగు కోర్లది, ఎనిమిది థ్రెడ్లు. ర్యామ్ 32 జీబీ. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కులు రెండు, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ కింద మిర్రర్‌లో, అంటే ఒకే డేటా రెంటిలోనూ. ప్రతి వీఎంకూ 8 వర్చువల్ సీపీయూలు, 8 జీబీ ర్యామ్ ఇచ్చారు.

పొద్దున్నే లాగిన్ అయితే డెస్క్‌టాప్ కనబడే లోపు టీ తాగి రావచ్చు. డే బుక్ తెరిస్తే చాలాసేపు తెల్లతెర. సాయంత్రం మరీ అన్యాయం. గుమస్తా పార్టీ పేరు మొత్తం కొట్టేసి చేతులు కట్టుకుని కూర్చుంటే, అప్పుడు ఒక్కో అక్షరం తీరిగ్గా తెర మీదికి వస్తోంది. సర్వీసు చేసే కుర్రాడు ర్యామ్ 64 జీబీ చేయమంటున్నాడు. చేయించమంటారా?

లాకుల_వంతెన (రావులపాలెం)

ర్యామ్ వేయండి, ఎస్‌ఎస్‌డీ వేయండి. ఈ రోజుల్లో హార్డ్ డిస్క్ మీద మూడు విండోస్‌లు నడపడమా! ఇందులో చర్చించేది ఏముంది?

గౌతమి_పాయ (యానాం)

చర్చించేది చాలానే ఉందండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. డే బుక్ తెరుచుకోకపోవడం యంత్రం లోపలి సంగతి. కొట్టిన అక్షరం ఆలస్యంగా కనబడటం దారిలో సంగతి కావచ్చు, లోపలిదీ కావచ్చు. రెంటినీ కలిపి "స్లో" అని ఒకే మాటతో పిలిచినంత కాలం ఎవరు ఏ సలహా ఇచ్చినా అది జూదమే. డబ్బు ఖర్చయ్యాక కూడా సగం బాధ అలాగే ఉంటుంది.

గుమస్తా ఒక మీట నొక్కితే ఆ సంగతి నరసాపురం నుంచి భీమవరం వెళ్లాలి. వీఎం దాన్ని అందుకుని తెర మీద గీయాలి. మారిన ముక్కను కుదించి వెనక్కి పంపాలి. అది నరసాపురంలో విప్పుకుని కనబడాలి. ఈ గొలుసులో ఏ లింకు సాగుతోందో కొలవకుండా తెలియదు.

కాబట్టి కొనుగోళ్లు ఆపి ముందు ఇవి చూసి రాయండి.

పని నెమ్మదించిన సమయంలో వీఎం లోపల టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ శాతం, దాని కిందనే ఉండే సగటు స్పందన సమయం. ప్రాక్స్‌మాక్స్ సమ్మరీ పేజీలో ఐఓ డిలే (డిస్క్ కోసం ప్రాసెసర్ ఎదురుచూసే సమయం) ఎంత, హోస్ట్ (అసలు యంత్రం) ర్యామ్‌లో ఎంత నిండింది, స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్‌ను ర్యామ్‌లా వాడటం) వాడుతోందా. నరసాపురం నుంచి సర్వర్‌కు పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం), పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. దాంతోపాటు నరసాపురంలో గుమస్తా కంప్యూటర్ నుంచి అక్కడి రౌటర్‌కే పింగ్. అక్కడే వందలు కనబడితే తప్పు వైఫైది, భీమవరాన్ని అనవసరంగా తిట్టుకోకండి.

ఒక హెచ్చరిక: ప్రాక్స్‌మాక్స్ బ్రౌజర్ కన్సోల్‌లో చూసి "సర్వర్ దగ్గర కూడా ఇలాగే ఉంది" అనకండి. అది వీఎన్‌సీ పద్ధతి, తెర బొమ్మను ముక్కలుగా పంపుతుంది, ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో కూడా మందకొడిగానే కనిపిస్తుంది. వ్యవస్థను అమర్చడానికి పనికొస్తుంది, వేగం తూచడానికి కాదు.

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

మీరు అడిగినవన్నీ చూశాను.

డిస్క్ 100 శాతం దగ్గర కదలకుండా కూర్చుంది. స్పందన సమయం 250 మిల్లీసెకన్ల నుంచి ఒక్కోసారి 900 దాకా. సీపీయూ మాత్రం 20 శాతం దాటడం లేదు. హోస్ట్‌లో ఐఓ డిలే 35 నుంచి 45 శాతం. ర్యామ్ 32లో 31 నిండింది, స్వాప్ కూడా వాడుతోంది.

నరసాపురం నుంచి పింగ్ పొద్దున 18 మిల్లీసెకన్లు. సాయంత్రం ఆరున్నరకు 300 నుంచి 700 మధ్య ఎగిరెగిరి పడుతోంది. అక్కడి రౌటర్‌కు పింగ్ ఎప్పుడూ 2 దాటలేదు. పాలకొల్లులోనూ ఇదే కథ.

స్వాప్ వాడుతోంది కాబట్టి మా కుర్రాడు చెప్పింది నిజమే కదా?

గౌతమి_పాయ (యానాం)

రోగం పేరు సరిగ్గానే చెప్పాడు, మందు వేరు.

మూడు వీఎంలకు 24 జీబీ పోతుంది. విండోస్ లేచేటప్పుడు తనకిచ్చిన పేజీలన్నిటినీ ఒకసారి తడుముతుంది కాబట్టి హోస్ట్ వైపు అంతా వాడినట్టే లెక్క. ఇక జెడ్‌ఎఫ్‌ఎస్ తన చదువు కాష్‌కు, అంటే ఆర్క్‌కు, పాత అమరికలో మొత్తం ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. మీ యంత్రంలో అది 16. 24కు 16 కలిపితే 40, ఉన్నది 32. ఒత్తిడి వస్తే ఆర్క్ తగ్గుతుంది గానీ వెంటనే తగ్గదు, ఆలోగా హోస్ట్ స్వాప్‌లోకి దిగుతుంది. ఆ స్వాప్ ఉండేది కూడా ఆ హార్డ్ డిస్కుల మీదే. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా వేసినవాటికి ఆర్క్ గరిష్ఠాన్ని ర్యామ్‌లో 10 శాతానికి పరిమితం చేశారు. మీది పాతది అయ్యుంటుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఆర్క్ మ్యాక్స్ విలువను 4 జీబీకి కుదించి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్‌లో మొదట లోడయ్యే ఫైలు) తాజా చేసి రీబూట్ చేయండి. ఖర్చు సున్నా. ర్యామ్ సంగతి తర్వాత.

డిస్క్ మాత్రం నిజంగానే మార్చాలి. లెక్క చూడండి. నిమిషానికి 7200 చుట్లు అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు, కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, 4.17. తల ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికి ఇంకో 8 లేదా 9. అంటే చెల్లాచెదురుగా ఉన్న డేటాను ఒక్కోసారి చదవడానికి 12, 13 మిల్లీసెకన్లు, సెకనుకు 80 పనులు దాటవు. విండోస్ అప్‌డేటు, యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్సింగ్, అన్నీ మూడేసి చొప్పున ఆ 80 కోసమే కొట్టుకుంటున్నాయి. ఇక డే బుక్‌కు మిగిలేదెంత? సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు వేలల్లో చేస్తుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ కింద వేసేది కాబట్టి చవక రకం తీసుకోకండి. కరెంటు హఠాత్తుగా పోయినా చేతిలో ఉన్న రాతను పూర్తి చేసే కెపాసిటర్లు ఉన్న సర్వర్ తరగతి డిస్క్ అడగండి.

విస్సాకోడేరు_విద్యార్థి

సర్, నాదొక చిన్న ప్రశ్న. వీఎం హార్డ్‌వేర్ పేజీలో హార్డ్ డిస్క్ ఎదురుగా ఏమని ఉంది? ఐడీఈ అనా, సాటా అనా, స్కజీ అనా (ఇవి డిస్క్‌ను తగిలించే రకాలు)? నెట్‌వర్క్ కార్డు ఇంటెల్ ఈ1000 అని ఉందా, వర్ట్ఐఓ అని ఉందా?

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

డిస్క్ ఐడీఈ అని ఉంది. నెట్‌వర్క్ ఈ1000. అది తప్పా బాబూ?

విస్సాకోడేరు_విద్యార్థి

తప్పు కాదండి, నడుస్తుంది, కానీ అదనపు బరువు. ఐడీఈ అంటే ఎప్పటిదో పాత కంట్రోలర్‌ను క్వెము (వీఎంకు నకిలీ హార్డ్‌వేర్ చూపే ప్రోగ్రాం) సాఫ్ట్‌వేర్‌లో నటిస్తోంది. విండోస్ ఆ నకిలీ కంట్రోలర్ రిజిస్టర్లను తాకిన ప్రతిసారీ ప్రాసెసర్ వీఎం నుంచి బయటికి వచ్చి, హోస్ట్ ఆ పని చేసి, మళ్లీ లోపలికి పంపాలి. పైగా ఒకసారికి ఒకే కోరిక. వర్ట్ఐఓ తాను వీఎంలో ఉన్నానని తెలిసి రాసిన డ్రైవర్. కోరికలు వరుసలో పెట్టి ఒక్కసారి కబురు చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ కొన్నా ఐడీఈ మీదే ఉంచితే దాని వేగంలో కొంతే మీకు అందుతుంది.

అయితే నేరుగా మార్చేయకండి! లెక్కల డిస్క్‌ను ఐడీఈ నుంచి స్కజీకి మార్చి బూట్ చేస్తే నీలి తెర మీద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తుంది, ఎందుకంటే విండోస్ దగ్గర ఆ డ్రైవర్ ఇంకా లేదు. పద్ధతి ఇది: బ్యాకప్ తీసుకోండి. వర్ట్ఐఓ డ్రైవర్ల ఐఎస్‌ఓను సీడీలా తగిలించండి. వర్ట్ఐఓ స్కజీ రకంలో 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి అదనంగా చేర్చండి. విండోస్ లేచాక ఐఎస్‌ఓలోని డ్రైవర్ల ఇన్‌స్టాలర్ నడపండి, ఖాళీ డిస్క్ కనబడిందంటే డ్రైవర్ కుదిరినట్టే. ఆపేసి, అసలు డిస్క్‌ను విడదీసి, స్కజీగా మళ్లీ తగిలించండి. ఆప్షన్లలో బూట్ వరుసలో దాన్ని టిక్ చేయడం మరిచిపోవద్దు. చిన్న డిస్క్ తీసేయవచ్చు.

నెట్‌వర్క్ కార్డు మార్చేముందు వీఎం ఐపీ చిరునామా రాసి పెట్టుకోండి. విండోస్ దాన్ని కొత్త కార్డుగా చూస్తుంది, పాత స్థిర చిరునామా పోతుంది.

లాకుల_వంతెన (రావులపాలెం)

8 వర్చువల్ సీపీయూల సంగతి ఎవరూ మాట్లాడరేమిటి? ఉన్నవి 8 థ్రెడ్లు, పంచినవి 24. ఎనిమిదీ ఒకేసారి ఖాళీ దొరికితే గానీ వీఎం కదలదు. 2కు తగ్గించండి.

గౌతమి_పాయ (యానాం)

ఎనిమిదీ ఒకేసారి దొరకాలన్న నియమం పాత వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్ నాటిది, తర్వాత వాళ్లే సడలించారు. కేవీఎంలో, అంటే ప్రాక్స్‌మాక్స్ వీఎంలను నడిపే పద్ధతిలో, ఒక్కో వర్చువల్ సీపీయూ మామూలు లినక్స్ థ్రెడ్డే, దేని వంతు దానిది. కాకపోతే తాళం పట్టుకున్న వర్చువల్ సీపీయూను హోస్ట్ పక్కన పెడితే మిగతావి ఊరికే తిరుగుతూ వేచి ఉంటాయి, ఆ నష్టం ఉంది. తగ్గించమన్న సలహాతో నాకు పేచీ లేదు, కారణంతోనే. లెక్కల వీఎంకు 4, గుమస్తాలకు 2 చొప్పున చాలు. వాళ్ల సీపీయూ 20 శాతంలోనే ఉంది కాబట్టి దీని వల్ల అద్భుతం జరుగుతుందని ఆశించవద్దు.

దానికంటే సీపీయూ రకం చూడండి. కేవీఎం64 అని ఉంటే ప్రాసెసర్‌లోని ఏఈఎస్ (గుప్తీకరణ) సూచనలు వీఎంకు కనబడవు, రిమోట్ డెస్క్‌టాప్ గుప్తీకరణ అంతా చేత్తో చేసినట్టవుతుంది. ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ పెట్టండి.

పాత_పోస్టాఫీసు_వీధి (అమలాపురం)

అసలు విషయం ఎవరూ అడగలేదు. బ్రాంచీలు సర్వర్‌కు ఎలా వస్తున్నాయి? రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు నేరుగా తెరిచారా?

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

అవునండి. స్థిర ఐపీ తీసుకుని పోర్టులు తెరిచారు. ఒక్కో వీఎంకు ఒక్కో పోర్టు.

పాత_పోస్టాఫీసు_వీధి (అమలాపురం)

అయితే ఈ పూటే మూసేయండి. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ చిట్టా తెరిచి 4625 నంబరు వెతకండి. అది విఫలమైన లాగిన్‌ల పద్దు. మీ గుమస్తాలు ఎప్పుడూ వాడని పేర్లతో వరుసగా కనబడతాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో యంత్రాలు మీ పాస్‌వర్డ్‌ను ఊహిస్తూ కూర్చున్నాయన్నమాట. పోర్టు నంబరు మార్చినా కనిపెడతాయి. వేగం సంగతి దేవుడెరుగు, ఒక తెల్లవారుజామున డేటా అంతా తాళం వేసి డబ్బు అడిగితే మీ మేత బాకీల లెక్క ఎవరు చెబుతారు?

వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (మీ కంప్యూటర్ల మధ్య గుప్త దారి) పెట్టండి. అది యూడీపీ మీద నడుస్తుంది, అంటే పోయిన ప్యాకెట్‌ను తాను మళ్లీ పంపదు. కొందరు టీసీపీ మీద నడిచే వీపీఎన్ పెడతారు. లోపలా టీసీపీ, బయటా టీసీపీ అయితే ఒక ప్యాకెట్ పోయినప్పుడు రెండూ మళ్లీ పంపాలని చూసి తెర గడ్డకడుతుంది. రిమోట్ డెస్క్‌టాప్ తానే 2012లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి యూడీపీ వాడగలదు. మీరు టీసీపీ పోర్టు ఒక్కటే తెరిచి ఉంటారు కాబట్టి ఆ లాభం మీకు ఇంతవరకు అందలేదు.

గౌతమి_పాయ (యానాం)

పూర్తిగా సమర్థిస్తున్నాను. ఇక మిగిలింది సాయంత్రం సమస్య. పొద్దున 18, సాయంత్రం 700. దూరం మారలేదు, అంటే ఎక్కడో వరుస కడుతున్నాయి.

ఒకటి గమనించండి. బ్రాంచీకి తెర బొమ్మ రావాలంటే అది భీమవరం కనెక్షన్ అప్‌లోడ్ గుండా బయటికి పోవాలి. నరసాపురంలో ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా దీనికి సంబంధం లేదు. ఎవరో మీ అప్‌లోడ్‌ను నింపేస్తున్నారు. రౌటర్ పట్టని ప్యాకెట్లను పారేయకుండా పెద్ద వరుసలో దాచుకుంటుంది. లాకు దగ్గర బియ్యం పడవలు బారులు తీరితే వాటి వెనక చిక్కిన చిన్న దోనె కూడా ఆగవలసిందే కదా, మీ అక్షరాల ప్యాకెట్ల గతీ అంతే. సాయంత్రం ఆరు తర్వాత గోదాము నుంచి బయటికి ఏం పోతోంది? బ్యాకప్పా? కెమెరాలా?

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

బ్యాకప్ రాత్రి ఒంటిగంటకు. కెమెరాలు ఆరు ఉన్నాయి, గోదాము చుట్టూ, లోడింగ్ దగ్గర, వెనక చెరువు గట్టు వైపు. కదలిక కనబడితే ఆ ముక్క క్లౌడ్‌కు పంపేలా పెట్టారు. కానీ ఆరు తర్వాత గోదాము మూసేస్తాం. మనుషులే ఉండరు, ఇంక కదలిక ఎక్కడిది?

సఖినేటిపల్లి_రేవు

మనుషులు ఉండరు గానీ పురుగులు ఉంటాయి కదండీ! చెరువు గట్టు మీద ట్యూబ్‌లైట్ వెలిగించగానే మూగే పురుగుల్ని మీరు చూడని రోజుందా? అవి కెమెరా గాజుకు దగ్గరగా ఎగిరితే తెరలో కాకి అంత కనబడతాయి. కెమెరాకు అది కదలికే. దానికి తోడు చీకటి పడితే బొమ్మలో మచ్చలు పెరుగుతాయి, మచ్చలున్న వీడియో సరిగ్గా కుదించబడదు, అదే దృశ్యానికి ఎక్కువ డేటా పడుతుంది. మా ఐస్ ఫ్యాక్టరీలో ఇదే చూశాం. గాజు మీద సాలెపురుగు గూడు కట్టినప్పుడైతే తెల్లవార్లూ రికార్డింగే.

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

సాయంత్రం ఆరు నలభైకి కెమెరాల స్విచ్ నుంచి తీగ పీకి పింగ్ చూశాను. 640 నుంచి 21కి పడిపోయింది. మళ్లీ తగిలిస్తే మళ్లీ ఎక్కింది. క్లౌడ్ యాప్ తెరిస్తే నిన్న రాత్రి ముక్కలన్నీ పురుగులే!

గౌతమి_పాయ (యానాం)

ఇంతకంటే శుభ్రమైన పరీక్ష ఉండదు. రికార్డింగ్ మొత్తం స్థానిక పెట్టెలో ఉంచి, క్లౌడ్‌కు చిన్న సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) మాత్రం పంపండి. మనిషిని గుర్తించే అమరిక ఉంటే అది పెట్టండి, ట్యూబ్‌లైట్‌ను కెమెరాకు దూరంగా జరపండి. అంతటితో ఆగవద్దు, రేపు ఇంకొకరు ఫోన్లో పెళ్లి వీడియో ఎక్కిస్తే మళ్లీ ఇదే గొడవ. ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ (వరుసను పొట్టిగా ఉంచే పద్ధతులు) ఉన్న రౌటర్ తీసుకోండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌కు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పడే రౌటర్లలో రెండూ ఉంటాయి. నిజంగా వచ్చే అప్‌లోడ్ వేగం కొలిచి అందులో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. అప్పుడు వరుస మీ రౌటర్‌లో మీ అదుపులో ఉంటుంది, అక్షరాల్లాంటి చిన్న ప్రవాహాలు పెద్దవాటి వెనక చిక్కుకోవు.

సఖినేటిపల్లి_రేవు

ఈ చర్చలోనే నా గోడు కూడా. మా ఆఫీసుకూ ఫ్యాక్టరీకీ మధ్య రెండు కిలోమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ లింకు. పెట్టినప్పుడు బాగుండేది. ఇప్పుడు గాలి వీస్తే రిమోట్ తెర తెగిపోతోంది, వాన పడితే ఇక చెప్పనక్కర్లేదు. మిద్దె మీద నుంచి చూస్తే ఎదుటి స్తంభం కనబడుతూనే ఉంది.

పాత_పోస్టాఫీసు_వీధి (అమలాపురం)

కంటికి కనబడితే చాలదు, కోనసీమలో ఈ పొరపాటు మామూలే. రేడియో తరంగం సన్నని గీతలా పోదు. ఆ పౌనఃపున్యంలో రెండు కిలోమీటర్ల లింకుకు నట్టనడుమ సుమారు 5 మీటర్ల వ్యాసార్ధం మేర చోటు కావాలి, అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. లింకు పెట్టాక మధ్యలో కొబ్బరి చెట్లు ఎదిగి ఉంటాయి. గాలికి మట్టలు అడ్డొచ్చి పోతుంటాయి కాబట్టి ఆలస్యం నిలకడగా ఉండదు. తడిసిన ఆకు ఇంకా ఎక్కువ మింగుతుంది. స్తంభం పెంచండి, లేదా తోటవాళ్లతో మాట్లాడి ఫైబర్ లాగించండి. చెట్టు కొట్టించమని మాత్రం నేను చెప్పను.

లాకుల_వంతెన (రావులపాలెం)

ఇంత తంటా ఎందుకు, సర్వర్‌నే క్లౌడ్‌లో పెట్టేస్తే?

గౌతమి_పాయ (యానాం)

పెట్టవచ్చు, ప్రాంతం చూసుకుని. అమెజాన్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి హైదరాబాద్ దూరం లెక్కలోకి రాదు. చవకని అమెరికా కేంద్రం ఎంచుకుంటే మాత్రం రానుపోను 200 మిల్లీసెకన్లు దాటుతుంది, దాన్ని ఏ అమరికా తగ్గించలేదు. వీరి పురుగుల కెమెరాలను అలాగే ఉంచి క్లౌడ్‌కు వెళ్లినా సాయంత్రం కష్టాలు కొన్ని వెంట వచ్చేవే. అప్పుడు గోదాములోని మనిషి ఆ నిండిన లైన్‌లోంచే పని చేయాలి.

చెరువుగట్టు_లెక్కలు (భీమవరం)

పని పూర్తయింది. ఎస్‌ఎస్‌డీలు వేశాం. డిస్కులు మార్చడానికి పెట్టె విప్పితే ప్రాసెసర్ మీది రెక్కల మధ్య తవుడు, మేత పొడి ఒక పొరగా పేరుకుని ఫ్యాను గాలి ఆవలికి పోవడం లేదు. బ్రష్‌తో గీకితే అట్టలా ఊడి వచ్చింది. సర్వర్‌ను గోదాములోంచి ఆఫీసు గదికి మార్చాం. ఆర్క్ 4 జీబీ, డిస్క్ స్కజీ, నెట్‌వర్క్ వర్ట్ఐఓ, పోర్టులు మూసి వైర్‌గార్డ్. ర్యామ్ 32తోనే ఉంది, స్వాప్ సున్నా. ఐఓ డిలే 1 శాతం లోపు. సాయంత్రం పింగ్ 25 దాటడం లేదు. డే బుక్ కొట్టగానే తెరుచుకుంటోంది.

ఒక్కటి మిగిలింది. పాలకొల్లు గుమస్తా బిల్లు ప్రింట్ ఇస్తే అక్కడి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒక్కో గీతా గీసుకుంటూ చాలాసేపు తీసుకుంటోంది. అక్షరాలు కూడా మసక.

విస్సాకోడేరు_విద్యార్థి

అది ఈజీ ప్రింట్ పని అండి. రిమోట్ డెస్క్‌టాప్ బిల్లును ఎక్స్‌పీఎస్ బొమ్మగా మార్చి పంపుతోంది, ప్రింటర్ అక్షరాలు కొట్టడం మాని చుక్కలతో బొమ్మ గీస్తోంది. వీఎంలో గ్రూప్ పాలసీ తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసుల కింద ప్రింటర్ రీడైరెక్షన్‌లో ఈజీ ప్రింట్‌ను ముందు వాడమనే అమరికను ఆపేయండి. పాలకొల్లు కంప్యూటర్‌లో ప్రింటర్ డ్రైవర్ ఏ పేరుతో ఉందో వీఎంలోనూ ఆ పేరున్న డ్రైవరే వేయండి, అక్షరం తేడా ఉన్నా జత కుదరదు. తర్వాత లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రింట్ పద్ధతిని డాట్ మ్యాట్రిక్స్ అని మార్చి, లాగాఫ్ అయి మళ్లీ రండి. ఇంకా మసకగానే ఉంటే ఒకసారి రిబ్బన్ చూడండి.